అతిధ్వని అడ్డంకి సూచక వలయం

అతిధ్వని అడ్డంకి సూచక వలయం అనగా మనిషి చెవికి వినబడని ధ్వని తరంగాలను పంపి, ఎదుట ఉన్న వస్తువును తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని గ్రహించి, దారిలో అడ్డంకి ఉన్నదని తెలియజేసే ఎలక్ట్రానిక్ వలయం. దీనిని అల్ట్రాసోనిక్ సెన్సారు వలయమని కూడా అంటారు. కారును వెనుకకు నడిపేటప్పుడు వినిపించే హెచ్చరిక, ట్యాంకులో నీటి మట్టాన్ని కొలిచే పరికరం, గోడను చూసి పక్కకు తిరిగే రోబో, అంధుల కొరకు తయారైన చేతికర్ర - ఇవన్నీ ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. తక్కువ ఖర్చుతో, సులభంగా దొరికే భాగాలతో తయారవుతుంది కనుక ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థుల ప్రాజెక్టులలోను, పాఠశాలల సైన్సు ప్రదర్శనలలోను ఇది తరచుగా కనిపిస్తుంది.

బల్ల మీద ఈ వలయాన్ని పనిచేయించడం కష్టం కాదు. దానిని చూపులేని వ్యక్తి చేతికర్రకు అమర్చినప్పుడు మాత్రం, అది దేనిని గుర్తించగలదో తెలిసి ఉండడంతో పాటు, దేనిని గుర్తించలేదో కూడా తయారుచేసినవారికి, వాడేవారికి తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో వలయం చరిత్ర, పనిచేసే సూత్రం, రెండు విధాలైన నిర్మాణం, పరిమితులు వివరించబడ్డాయి.

చరిత్ర

చీకటిలో గబ్బిలం దేనికీ తగలకుండా ఎలా ఎగరగలుగుతుందన్న ప్రశ్నతో ఈ శాస్త్రం మొదలైనదని చెప్పవచ్చు. ఇటలీకి చెందిన స్పల్లంజానీ 1790లలో గబ్బిలాలపై ప్రయోగాలు చేసి, చూపు లేకపోయినా అవి అడ్డంకులను తప్పించుకోగలవని గమనించాడు. అదే కాలంలో స్విట్జర్లాండుకు చెందిన జురీన్, చెవులు మూసివేస్తే అవి దారి తప్పుతాయని చూపాడు. అయితే వినబడని ధ్వని ఒకటున్నదని అప్పటికి తెలియకపోవడం వలన ఆ ఫలితాలకు వివరణ దొరకలేదు. అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్, రాబర్ట్ గాలంబోస్ 1938 తరువాత చేసిన ప్రయోగాలతో గబ్బిలాలు అతిధ్వనులను పలికి, వాటి ప్రతిధ్వనుల ద్వారా దారి తెలుసుకొంటాయని రుజువైనది.

అతిధ్వనులను కృత్రిమంగా పుట్టించడానికి ఆధారం పీజో విద్యుత్ ధర్మం. కొన్ని స్ఫటికాలను నొక్కినప్పుడు వాటిలో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. దీనికి విలోమంగా, అటువంటి స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ స్ఫటికంతో నీటి అడుగున అతిధ్వనులను పంపి జలాంతర్గాముల ఉనికి కనుగొనే పద్ధతిని అభివృద్ధి చేశాడు. తరువాత సోనార్‌గా పేరుపొందిన పరికరాలకు ఇది పునాది అయినది.

తెలుగు శాస్త్రవేత్తలకు కూడా ఈ రంగంతో సంబంధం ఉన్నది. ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను అతిధ్వనులపై పరిశోధనలకు నాయకత్వం వహించాడు. స్ఫటికాల స్థితిస్థాపక గుణాలను అతిధ్వనుల సహాయంతో కొలవడం ఈ పరిశోధనలలో ముఖ్యమైన అంశం. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, ధ్వని ద్వారా లక్ష్యాన్ని వెదకుకొంటూ పోయే టార్పెడోలను రూపొందించినది.

అంధుల కొరకు ఈ సూత్రాన్ని వాడే ప్రయత్నాలలో 1960లలో లెస్లీ కే రూపొందించిన సోనిక్ టార్చి ప్రసిద్ధమైనది. 1978లో పోలరాయిడ్ సంస్థ తన కెమెరాలో దూరాన్ని అతిధ్వనితో కొలిచి కటకాన్ని సరిచేసే ఏర్పాటు తీసుకొనివచ్చింది. భారతదేశంలో ఢిల్లీ ఐఐటి పరిశోధకులు సక్షమ్ ట్రస్టు, చెన్నైకి చెందిన ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ సంస్థలతో కలిసి రూపొందించిన స్మార్ట్‌కేన్ 2014లో విడుదలైనది. మడత కర్ర పిడికి తగిలించే ఈ పరికరం మోకాలి నుండి తల ఎత్తు వరకు ఉన్న అడ్డంకులను సుమారు 3 మీటర్ల దూరం నుండి గుర్తించి, పిడిలోని ప్రకంపనల ద్వారా తెలియజేస్తుంది.

పనిచేసే సూత్రం

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యం గల ధ్వనులను వినగలదు. అంతకు మించిన పౌనఃపున్యం గల వాటిని అతిధ్వనులు అంటారు. అడ్డంకి సూచక వలయాలలో ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని వాడతారు. గాలిలో దీని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మిల్లీమీటర్లు. పౌనఃపున్యం ఇంకా పెంచితే చిన్న వస్తువులు కూడా స్పష్టంగా తెలుస్తాయి, కాని గాలి ఆ ధ్వనిని త్వరగా శోషించుకోవడం వలన దూరం తగ్గిపోతుంది.

పంపిన తరంగం వస్తువు వరకు వెళ్ళి తిరిగిరావడానికి పట్టిన కాలం తెలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. తరంగం అదే దూరాన్ని రెండు మార్లు ప్రయాణిస్తుంది కనుక రెండుతో భాగించాలి.

దూరం = (ధ్వని వేగం × కాలం) ÷ 2

గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద అది సెకనుకు 331.3 మీటర్లు. ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 349.5 మీటర్లు. ఆ వేగంతో ప్రతిధ్వని తిరిగివచ్చే కాలం ఈ విధంగా ఉంటుంది:

50 సెం.మీ. దూరానికి - 2.86 మిల్లీసెకండ్లు
1 మీటరు దూరానికి - 5.72 మిల్లీసెకండ్లు
2 మీటర్ల దూరానికి - 11.44 మిల్లీసెకండ్లు
4 మీటర్ల దూరానికి - 22.89 మిల్లీసెకండ్లు

నిర్మాణం - మొదటి పద్ధతి

ఈ పద్ధతిలో మైక్రోకంట్రోలరు అవసరం లేదు. అడ్డంకి ఉన్నదా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. 12 వోల్టుల సరఫరాతో పనిచేస్తుంది. వలయంలో మూడు భాగాలు ఉంటాయి.

పంపే భాగం: ఎన్‌ఇ555 టైమరు ఐసీని ఆస్టేబుల్ పద్ధతిలో కలిపి 40 కిలోహెర్ట్జ్ పుట్టిస్తారు. సరఫరాకు, 7వ పిన్నుకు మధ్య 4.7 కిలోఓముల రెసిస్టరు ఉంచాలి. 7వ పిన్ను నుండి 6వ పిన్నుకు 12 కిలోఓముల రెసిస్టరు, దానికి శ్రేణిలో 10 కిలోఓముల ప్రీసెట్ కలపాలి. 2, 6 పిన్నులను కలిపి, అక్కడి నుండి భూమికి 1 నానోఫారడ్ కెపాసిటరు పెట్టాలి. 5వ పిన్ను నుండి భూమికి 10 నానోఫారడ్ కెపాసిటరు ఉంచాలి. 4, 8 పిన్నులు సరఫరాకు, 1వ పిన్ను భూమికి కలుస్తాయి. ఈ విలువలతో ప్రీసెట్‌ను తిప్పుతూ సుమారు 29.6 నుండి 50.2 కిలోహెర్ట్జ్ వరకు మార్చవచ్చు. 3వ పిన్ను నుండి 100 నానోఫారడ్ కెపాసిటరు ద్వారా పంపే ట్రాన్స్‌డ్యూసరుకు సంకేతం ఇవ్వాలి. ట్రాన్స్‌డ్యూసరు తన సహజ పౌనఃపున్యం వద్ద మాత్రమే గట్టిగా పలుకుతుంది, ఒకటి రెండు కిలోహెర్ట్జ్ తేడా వచ్చినా శక్తి బాగా తగ్గుతుంది. అందువలన ప్రీసెట్ అవసరం.

గ్రహించే భాగం: తిరిగివచ్చే ప్రతిధ్వని చాలా బలహీనమైనది కనుక దానిని రెండు దశలలో పెంచాలి. ఇక్కడ ఐసీ ఎంపికలో జాగ్రత్త అవసరం. ఎక్కువగా వాడే ఎల్‌ఎం324 ఆప్‌ఆంపు 40 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్కొక్క దశకు 25 రెట్లకు మించి పెంచలేదు. టిఎల్072 దీనికి మూడు రెట్ల సామర్థ్యం గలది. ప్రతి దశకు ముందు 1 నానోఫారడ్ కెపాసిటరు, 10 కిలోఓముల రెసిస్టరు, ఫీడ్‌బ్యాకులో 330 కిలోఓముల రెసిస్టరు ఉంచితే ఒక దశ సుమారు 28 రెట్లు, రెండూ కలిపి 800 రెట్లకు దగ్గరగా పెంచుతాయి. ముందున్న చిన్న కెపాసిటరు వలన మాటల ధ్వని, కరెంటు లైను హమ్మింగు చాలావరకు లోపలికి రావు. రెండు 10 కిలోఓముల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటరుతో 6 వోల్టుల మధ్య బిందువు తయారుచేసి, ఆప్‌ఆంపుల ప్లస్ ఇన్‌పుట్లకు ఇవ్వాలి.

నిర్ణయించే భాగం: పెరిగిన సంకేతాన్ని 10 నానోఫారడ్ కెపాసిటరు ద్వారా తీసుకొని, రెండు 1ఎన్4148 డయోడ్లతో ఏకముఖం చేసి, మరొక 10 నానోఫారడ్ కెపాసిటరులో నింపాలి. దానికి సమాంతరంగా 100 కిలోఓముల రెసిస్టరు ఉండాలి. ఆ వోల్టేజిని ఎల్‌ఎం393 కంపారేటరు ప్లస్ ఇన్‌పుట్‌కు, 10 కిలోఓముల ప్రీసెట్ నుండి వచ్చే వోల్టేజిని మైనస్ ఇన్‌పుట్‌కు ఇవ్వాలి. కంపారేటరు అవుట్‌పుట్ నుండి సరఫరాకు 10 కిలోఓముల రెసిస్టరు కట్టి, బిసి547 ట్రాన్సిస్టరు బేసుకు కలిపితే, ప్రతిధ్వని తగినంత బలంగా వచ్చినప్పుడు బజరు మోగుతుంది.

ఈ పద్ధతిలో సాధారణంగా ఎదురయ్యే చిక్కు, ఎదుట ఏమీ లేకపోయినా బజరు ఆగకపోవడం. పంపే ట్రాన్స్‌డ్యూసరు నుండి ధ్వని నేరుగా పక్కనున్న గ్రాహకానికి చేరడమే దీనికి కారణం. రెండింటి మధ్య కనీసం 5 సెం.మీ. ఎడం ఉంచి, ఒక్కొక్క దాని చుట్టూ స్పాంజి చుట్టితే ఇది తగ్గుతుంది. రెండింటినీ ఒకే గట్టి చెక్కకు బిగించరాదు.

నిర్మాణం - రెండవ పద్ధతి

దూరం కూడా తెలియాలంటే హెచ్‌సి-ఎస్‌ఆర్04 మాడ్యూలును, ఆర్డుయినో ఊనో వంటి మైక్రోకంట్రోలరు బోర్డును వాడడం సులభం. ఈ మాడ్యూలు 5 వోల్టుల వద్ద సుమారు 15 మిల్లీఆంపియర్లు తీసుకొని, 2 సెం.మీ. నుండి 4 మీటర్ల వరకు కొలుస్తుంది. దీనికి నాలుగు పిన్నులు ఉంటాయి: సరఫరా, ట్రిగ్గరు, ఎకో, భూమి.

ట్రిగ్గరు పిన్నుకు 10 మైక్రోసెకండ్ల పల్స్ ఇస్తే మాడ్యూలు 40 కిలోహెర్ట్జ్ వద్ద 8 తరంగాలను పంపుతుంది. ఎకో పిన్ను పైకి లేచి, ప్రతిధ్వని వచ్చేవరకు అలాగే ఉంటుంది. అది పైన ఉన్న కాలాన్ని మైక్రోసెకండ్లలో కొలిచి 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ప్రతిధ్వని రాకపోతే సుమారు 38 మిల్లీసెకండ్ల తరువాత పిన్ను దానంతట అదే కిందికి దిగుతుంది. కొన్ని తయారీలలో ఈ కాలం ఇంకా ఎక్కువ. ముందు పంపిన ధ్వని పూర్తిగా అణగిన తరువాతనే మరల కొలవాలి కనుక రెండు కొలతల మధ్య 60 మిల్లీసెకండ్ల వ్యవధి ఉండాలి.

హెచ్చరికకు బజరు కంటె సెల్‌ఫోనులో ఉండేటటువంటి చిన్న వైబ్రేషన్ మోటారు మేలు. అంధులు దారి తెలుసుకొనడానికి ప్రధానంగా చెవుల మీద ఆధారపడతారు. నిరంతరం మోగే బజరు వారికి వాహనాల చప్పుడు వినబడకుండా చేస్తుంది. 3 వోల్టుల మోటారు సుమారు 80 మిల్లీఆంపియర్లు తీసుకొంటుంది. బోర్డు పిన్ను అంత కరెంటు ఇవ్వలేదు. కాబట్టి 470 ఓముల రెసిస్టరు ద్వారా 2ఎన్2222 ట్రాన్సిస్టరు బేసుకు సంకేతం ఇచ్చి, కలెక్టరులో మోటారును, దానికి శ్రేణిలో 22 ఓముల రెసిస్టరును ఉంచి 5 వోల్టులకు కలపాలి. మోటారుకు అడ్డంగా 1ఎన్4007 డయోడును ఎదురు దిశలో పెట్టకపోతే ట్రాన్సిస్టరు పాడయ్యే అవకాశం ఉన్నది.

ప్రోగ్రాము క్రమం ఇది:

1. ట్రిగ్గరు పల్స్ ఇచ్చి ఎకో కాలాన్ని కొలవాలి.
2. 60 మిల్లీసెకండ్ల వ్యవధితో మూడు మార్లు కొలిచి, వాటిలో మధ్య విలువను తీసుకోవాలి. సరాసరి తీసుకొంటే ఒక్క తప్పుడు కొలత మొత్తాన్ని పాడుచేస్తుంది.
3. దూరం 150 సెం.మీ. కంటె ఎక్కువైతే మోటారు ఆగి ఉండాలి.
4. 150 నుండి 100 సెం.మీ. మధ్య నెమ్మదిగా, 100 నుండి 50 మధ్య వేగంగా విడివిడి ప్రకంపనలు, 50 కంటె తక్కువైతే ఆగని ప్రకంపన ఇవ్వాలి.
5. ఎకో అసలు రాకపోతే దానిని ప్రత్యేకంగా గుర్తించాలి. దీని వివరణ కింద ఉన్నది.

సెకనుకు ఒక మీటరు వేగంతో నడిచే వ్యక్తి మూడు కొలతలు పూర్తయ్యే లోపల సుమారు 18 సెం.మీ. ముందుకు వెళతాడు. 150 సెం.మీ. వద్ద హెచ్చరిక మొదలైతే ఆగడానికి ఒక సెకనుకు పైగా సమయం మిగులుతుంది.

చేతికర్రకు అమర్చుట

మాడ్యూలు ధ్వని శంకువు ఆకారంలో సుమారు 15 డిగ్రీల కోణంలో వ్యాపిస్తుంది. 1 మీటరు దూరంలో దాని వెడల్పు సుమారు 26 సెం.మీ., 2 మీటర్ల వద్ద 53 సెం.మీ. అనగా పిడి వద్ద నేరుగా ముందుకు చూసేటట్లు పెడితే నడుము ఎత్తు అడ్డంకులు తెలుస్తాయి, తలకు తగిలేవి తెలియవు. నేలను తడిమే తెల్లకర్రకు అందనివి సరిగ్గా ఈ తల ఎత్తు అడ్డంకులే: వంగిన చెట్టు కొమ్మ, పాక చూరు, ఆగి ఉన్న లారీ వెనుక భాగం, వీధిలోకి తెరచిన కిటికీ తలుపు. పిడి నేలకు 90 సెం.మీ. ఎత్తున ఉండి, సెన్సారును 30 డిగ్రీలు పైకి వంచితే 1.2 మీటర్ల దూరంలో సుమారు 1.6 మీటర్ల ఎత్తును అది చూస్తుంది. ఒకటి నేరుగా, ఒకటి పైకి - రెండు సెన్సారులు వాడేటట్లయితే వాటిని ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి పలికించాలి, లేకపోతే ఒకదాని ధ్వనిని మరొకటి తన ప్రతిధ్వనిగా పొరబడుతుంది.

పరిమితులు

వంకరగా ఉన్న నున్నని తలం: తరంగదైర్ఘ్యం కంటె చిన్న గరుకుదనం ఉన్న తలాలు అతిధ్వనికి అద్దం వంటివి. గోడను ఎదురుగా చూస్తే ప్రతిధ్వని తిరిగివస్తుంది. ఏటవాలుగా చూస్తే అది పక్కకు వెళ్ళిపోతుంది.

మెత్తని వస్తువులు: గడ్డివామి, ఆరవేసిన బట్టలు, దుప్పటి వంటివి ధ్వనిని శోషించుకొంటాయి. వీటిని చాలా దగ్గరకు వచ్చిన తరువాతనే సెన్సారు గుర్తిస్తుంది.

సన్నని వస్తువులు: బట్టలు ఆరవేసే తీగ, కరెంటు స్తంభపు స్టే వైరు వంటి వాటి ప్రతిధ్వని బలహీనంగా ఉంటుంది.

గోతులు: ముందుకు చూసే సెన్సారుకు గొయ్యి, కిందికి దిగే మెట్టు, తెరిచిన మురుగు కాలువ కనబడవు. అక్కడ ధ్వనిని తిప్పి పంపే వస్తువేదీ లేదు.

వాన, ధూళి: సాధారణ ట్రాన్స్‌డ్యూసరు ముఖం తెరచి ఉంటుంది కనుక తడిస్తే పాడవుతుంది. నీరు చొరని జెఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టి రకం దొరుకుతుంది, కాని అది 20 సెం.మీ. కంటె దగ్గరి వస్తువులను కొలవలేదు.

ఇతర ధ్వనులు: బస్సులు, లారీల గాలి బ్రేకులు వదిలే శబ్దంలో అతిధ్వనులు కూడా ఉంటాయి. వీటి వలన తప్పుడు హెచ్చరికలు రావచ్చు.

డెల్టా గ్రామాలలో వినియోగం

పరికరాన్ని ఏ ఊరిలో వాడుతున్నారన్న దానిని బట్టి పై పరిమితుల ప్రాధాన్యం మారుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న చెరుకుపల్లి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత బాపట్ల జిల్లాలోను ఉన్న ఈ మండలం కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది.

మొదటిది ఉష్ణోగ్రత. 58తో భాగించే లెక్క సుమారు 22 డిగ్రీలకు సరిపోతుంది. ఇక్కడ వేసవి పగళ్ళలో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. 42 డిగ్రీల వద్ద ధ్వని సుమారు 3.5 శాతం వేగంగా ప్రయాణిస్తుంది. 2 మీటర్ల దూరంలోని గోడను పరికరం 193 సెం.మీ. దూరంలో ఉన్నట్లు చూపుతుంది. అడ్డంకి ఉన్నదానికంటె దగ్గరగా కనబడుతుంది కనుక ఈ తప్పు క్షేమకరమైన వైపే ఉన్నది. చేతికర్రకు దీనిని సరిదిద్దనవసరం లేదు. ట్యాంకు మట్టం కొలిచే పరికరానికి మాత్రం ఉష్ణోగ్రత సెన్సారు కలపాలి.

రెండవది, అంతకంటె ముఖ్యమైనది నీరు. డెల్టాలో దారులు తరచుగా కాలువ గట్ల వెంట, పంట బోదెల పక్కన సాగుతాయి. వీటి అంచున పడిపోకుండా ఆపేది ఏదీ ఉండకపోవచ్చు. కాలువ వైపు తిరిగిన సెన్సారుకు ఎదుట ఖాళీ గాలి మాత్రమే ఉంటుంది. ప్రతిధ్వని రాదు, మోటారు కదలదు. చదునైన, విశాలమైన రోడ్డు మీద కూడా ఇదే జరుగుతుంది. పరికరం దృష్టిలో క్షేమమైన దారికి, కాలువ అంచుకు తేడా లేదు.

ఇందుకు పరిష్కారంగా ఒక సెన్సారును కిందికి వంచి, నేల దూరం ఒక్కసారిగా పెరిగితే హెచ్చరించే ఏర్పాటును కొందరు చేస్తారు. 90 సెం.మీ. ఎత్తు నుండి 45 డిగ్రీలు కిందికి వంచితే నేల 127 సెం.మీ. దూరంలో ఉండాలి. దీనిలో రెండు చిక్కులున్నాయి. సెన్సారు చూసే చోటు పాదాలకు 90 సెం.మీ. ముందే కనుక, ఒక సెకను కంటె తక్కువ సమయం దొరుకుతుంది. నున్నని సిమెంటు రోడ్డు, నిశ్చలమైన నీరు రెండూ ఏటవాలుగా పడిన ధ్వనిని అవతలికే పంపివేస్తాయి కనుక ప్రతిధ్వని రెండింటి నుండి రాకపోవచ్చు. కిందికి చూసే సెన్సారులో ఎకో రాకపోవడాన్ని ప్రమాదంగానే లెక్కించాలి. అప్పుడు మంచి రోడ్డు మీద అనవసరపు హెచ్చరికలు ఎక్కువవుతాయి. విసిగిన వ్యక్తి పరికరాన్ని కట్టివేసే అవకాశం కూడా ఉన్నది.

ఈ కారణాల వలన గోతులను, గట్టు అంచులను కనుగొనే పని తెల్లకర్ర మొనకే వదలాలి. అది నేలను తాకుతుంది. నేల లేకపోతే ఆ సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది. వలయం చేయవలసినది కర్ర మొనకు అందని, మోకాలికి పైనున్న అడ్డంకులను చూడడం. స్మార్ట్‌కేన్ కూడా కర్రకు తగిలించే పరికరంగానే రూపొందింది, కర్రను తొలగించడానికి కాదు.

జాగ్రత్తలు

మోటారు నిశ్శబ్దంగా ఉంటే దారి ఖాళీగా ఉన్నదని అర్థం కావచ్చు, బ్యాటరీ అయిపోయిందని కూడా కావచ్చు. అందువలన పరికరం బాగున్నంతసేపు ప్రతి 5 సెకండ్లకు ఒకసారి చిన్న ప్రకంపన ఇచ్చేటట్లు ప్రోగ్రాము వ్రాయాలి. అది ఆగిపోతే పరికరం పనిచేయడం లేదని వాడే వ్యక్తికి తెలుస్తుంది.

చాలా రకాల పవర్ బ్యాంకులు, తీసుకొనే కరెంటు మరీ తక్కువైతే చార్జింగు పూర్తయినదని భావించి తమంతట తామే ఆగిపోతాయి. ఇటువంటి పరికరానికి నాలుగు రీచార్జబుల్ సెల్లులు మేలు. వాటి వోల్టేజి తగ్గినప్పుడు ప్రత్యేకమైన ప్రకంపనతో హెచ్చరించాలి.

పరీక్షించేటప్పుడు గోడ, అట్టపెట్టెలతో ఆపక, దుప్పటి, తీగ, ఏటవాలు పలక, తెరచిన తలుపు అంచు, ఎదురుగా వచ్చే మనిషి - వీటన్నిటినీ వేర్వేరు దూరాలలో, ఒక్కొక్కటి పదేసి మార్లు పరీక్షించి, ఎన్ని మార్లు గుర్తించినదో పట్టికగా వ్రాసుకోవాలి. గుర్తించని వస్తువుల జాబితాను వాడబోయే వ్యక్తికి నోటితో చదివి వినిపించి, తెలిసిన ఆవరణలో తోడు మనిషితో కొన్నాళ్ళు అభ్యాసం చేయించిన తరువాతనే వీధిలోకి తీసుకొని వెళ్ళాలి.